చిలకపచ్చ

షికాగోలో రంగులద్దినవాడు
మా ఊరెప్పుడూ చూళ్ళేదు.
నలుపు తెలుపు ఫోటో ముందేసుకుని
లిండ్‌క్విస్ట్ మోటెల్ తలుపులన్నిటికీ
చిలకపచ్చ పూసేశాడు.
కరెంటు స్తంభాలు పీకేశాడు.
నీడనుకున్నాడేమో, మెట్టు మీది మా కుక్కని
తుడిచేశాడు.

రెండు వేల కార్డులు దిగాయి
నెబ్రాస్కా దుమ్ములో.
తిప్పి పంపితే దండగని
మా నాన్న ఆర్విడ్, కార్డు చేతబట్టుకెళ్ళి
అదే పచ్చ కలిపించుకొచ్చాడు.
పన్నెండు తలుపులు, మూడు ఆదివారాలు.
ఆకాశం జోలికి మాత్రం పోలేదు.

మొన్న పాత సామాన్ల సంతలో
పావు డాలరుకి దొరికిందొకటి.
వెనక పెన్సిల్ రాత, సగం అలుక్కుపోయి:
“ఫ్యాన్ బెల్టు రేపొస్తుందట.
ఆరో నంబరు గది.
రాత్రంతా వీళ్ళ కుక్క
మా గుమ్మంలోనే పడుకుంది.”