బిందువు జరిగితే

బోరబండలో, మేడ మీది రేకుల గదిలో
ఆరో తరగతికి ఘనపరిమాణం చెప్తున్నాను.
మిల్లీలీటర్లు లీటర్లు కావాలంటే
దశాంశ బిందువు ఎడమకు మూడిళ్ళు జరగాలి.
లీటర్ల నుంచి కిలోలీటర్లకు మరో మూడిళ్ళు.
"ఎవరిళ్ళు సార్?" అంది నస్రీన్.
స్థానాలమ్మా, అన్నాను. మా అయ్యవారు ఇళ్ళనేవారు,
నోటికి అదే వస్తుంది.

గది మూలన ఒక ఘనమీటరు కట్టాం.
పొడవు, వెడల్పు సుద్దముక్కతో గీశాం.
ఎత్తుకు మాత్రం గీత నిలబడదు కదా,
మీటరు కర్ర పట్టుకుని నేనే నిలబడ్డాను.
అందులో ఆరుగురు పట్టారు,
ఒకరి మోచేయి ఇంకొకరి పక్కటెముకల్లో.
ఇదీ వెయ్యి లీటర్లంటే, ఇదే ఒక కిలోలీటరు.
"దీన్నిండ నీళ్ళుంటే మునిగిపోతం గద సార్,"
అన్నాడు ఐలేష్, గొంతుక్కూర్చుని.
ఎంత నవ్వారో.
నీళ్ళలో మునగడం వాళ్ళకు అంత దూరపు సంగతి.

అప్పుడు కింద హారన్.
తొమ్మిది రోజుల తర్వాత ట్యాంకరు.
ఘనమీటరు క్షణంలో ఖాళీ.
చెప్పులు మెట్ల దగ్గరే ఉండిపోయాయి.

కిటికీలోంచి లెక్క కట్టాను, ఊరుకోలేక:
ఐదు కిలోలీటర్లు, అంటే ఐదు వేల లీటర్లు,
రెండొందల లీటర్ల నీలం డ్రమ్ములైతే ఇరవై ఐదు.
గల్లీలో వరసగా ముప్పై ఒకటి.
గొట్టం అతుకు దగ్గర చీరపేలిక చుట్టారు,
అక్కణ్ణుంచి మట్టి తాగేది ఏ లెక్కలోకి రాదు.
ఇరవై ఐదో డ్రమ్ము సగానికి వచ్చేసరికి
గొట్టం ఒకసారి దగ్గి, గాలి వదిలింది.
ఎవరో డ్రైవరును తిట్టారు.
అతను వినని వాడిలా గేరు వేశాడు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు.
కొందరి లాగులు మోకాళ్ళ దాకా తడి.
నస్రీన్ పొడిగా వచ్చింది.
"మా ఇంటికి మూడిళ్ళ ముందర ఒడిశిపోయింది సార్."

ఏమనాలో తెలియక బోర్డు వైపు తిరిగాను.
మూడున్నర లీటర్లు ఎన్ని మిల్లీలీటర్లు?
మూడు వేల ఐదొందలు, రాసి చూపించింది.
బిందువును సరిగ్గా కుడికే జరిపింది.
టిక్కు పెట్టాను.

నా సీసాలో పావు లీటరుంది, ఇచ్చాను.
మూత తిప్పుతూ "రెండొందల యాభై" అంది.
రెండొందల యాభై ఏంటి? ప్రమాణం చెప్పాలి,
అనేశాను, పాడు అలవాటు.
"మిల్లీలీటర్లు," అని తాగింది.

అడుగున కొంచెం మిగిల్చి ఇచ్చింది.
ఎంతో నేను చూడలేదు.