మా వీధి సీసా

ఇరవై తొమ్మిదేళ్లు సీసాలు కడిగాను
యూనివర్సిటీ నీళ్ల ల్యాబులో.
కుళాయి కింద మూడుసార్లు, ఆసిడ్‌తో ఓసారి,
చివర్న డిస్టిల్డు నీళ్లతో.
"ఇంట్లో ఒక్క గ్లాసైనా ఇలా తోమేవా?" అని
సన్నెమ్మ దెప్పుతుంది.

ప్రతి సీసాకీ నడుముకో చీటీ.
ఛత్రపురం. చికిటి. హింజిలికాటు. సురడా.
నేనెప్పుడూ బస్సు దిగని ఊళ్లన్నీ
నా వేళ్ల మధ్య తానమాడి వెళ్లాయి.
ఒడియా చీటీలు, ఇంగ్లీషు చీటీలు.
తెలుగు చీటీ ఒకటే చూశాను,
అది నేను రాసిందే.

బరంపురంలో మా మగ్గాల వీధికి యూనివర్సిటీ అంటే
గోపాల్‌పూర్ బస్సులో ఒక స్టాపు,
పట్టాలిచ్చే రోజున ఆగిపోయే ట్రాఫిక్కు.
ఆ వానాకాలం పిల్లల కళ్లు పచ్చబడ్డాయి.
గున్నమ్మ మనవడికి అన్నం చూస్తే వాంతి.
"నువ్వు యూనివర్సిటీ వోడివి గదా తవిటయ్యా,
అడగరాదేటి?"
ఎవర్ని అడగను?
సీసాలు కడిగేవాణ్ణి, అదీ రోజుకూలికి.

అడగలేదు.
వీధి కుళాయి నీళ్లు పట్టుకెళ్లి
మందు వేసున్న సీసాలో పోసి
ముప్పై ఎనిమిదో దాని పక్కన
దొంగలా నిలబెట్టాను.

తెల్లారేసరికి
కాటుక.

"నంబరు లేని ఈ సీసా ఎవరిది?"
ఇతిశ్రీ, పరిశోధన మూడో ఏడు,
చీటీని అటూ ఇటూ తిప్పింది.
"ఏం రాసుంది మౌసా?"
చదివాను. వీధి పేరు. కాలవ దాటే గొట్టం. తారీఖు.
ఇంకో ముక్క కూడా ఉంది, చదవలేదు:
దయచేసి.

ముందు కోప్పడింది,
ఇలా దూరిస్తే నా లెక్కంతా పోదా అని.
మర్నాడు స్కూటీ మీద పన్నెండు సీసాలతో వచ్చింది.
మగ్గాలు ఆగాయి.
ఏదో పంచిపెడతారనుకుని
ఆడవాళ్లు బిందెలతో వరస కట్టారు.
కాలవలో మోకాల్లోతు దిగి
పగిలిన గొట్టాన్ని చేత్తో తడిమి చూపించింది.
రాసుకునే వేళ్లు, మా మురుగు.

మునిసిపాలిటీకి కాగితం వెళ్లింది.
సగం గొట్టం మార్చారు, మిగతా సగం టెండర్లో ఉంది.
ఇప్పుడు నెలకోసారి గున్నమ్మే సీసా పెడుతుంది,
నల్లబడితే వీధంతా వినేలా అరుస్తుంది:
"కాచుకు తాగండే!"
ఇతిశ్రీ వ్యాసంలో మా వీధి పేరు లేదట,
ముప్పై తొమ్మిదో నమూనా అని ఉందట.

ఆ మొదటి సీసా నేనే కడిగాను.
నలుపు అడుగున పట్టేసి
ఓ పట్టాన వదల్లేదు.
చీటీ మాత్రం
తడవకముందే ఒలిచి
జేబులో పెట్టుకున్నాను.