గరుకు

ఇరవై రెండేళ్లుగా చీమకుర్తిలో
రాయికి మెరుగు పెడతన్నా.
నల్లబండ లోపల చుక్కలు పొడిచేదాకా
బిళ్ల మీద బిళ్ల మార్చి, నీళ్లు కొట్టి.
నా పనితనం ఏందంటే
ఈగ వాలినా కాలు జారాల.

బడికి ర్యాంపు కావాలన్నారు.
క్వారీ ఆయన రాయి ఇచ్చాడు,
మొదటి బండ మీద పేరు చెక్కమన్నాడు.
పదడుగుల వాలు. అద్దంలా చేసి పెట్టా.

రిబ్బను కట్టారు, సోడాలు తెప్పించారు.
"రామ్మా, ఫొటోకి" అన్నాడు హెడ్‌మాస్టరు
ఎనిమిదో తరగతి నాగూర్‌బీని.
ఎవరో వెనక నుంచి కుర్చీ పట్టుకున్నారు.

"చెయ్యి తీయండి."
సిగ్గుపడతందని నవ్వాం.
"తీయండి. నేనే ఎక్కుతా.
ఎక్కలేకపోతే తప్పు ర్యాంపుది, నాది కాదు."

చక్రాలు మూరెడు ఎక్కి
నా మెరుగు మీద నుంచి
వెనక్కి వచ్చేశాయి.
సోడా తాగేవాడు గుటక మింగలా.

ఒళ్లోంచి లెక్కల నోటు తీసింది.
"అరుగు రెండడుగులు సార్.
వాలు ఇరవై నాలుగు ఉండాల."
"అంత చోటేదమ్మా?"
"జెండా దిమ్మ కాడ మలుపు తిప్పండి, గీశాను చూడండి.
కట్టకముందే ఇద్దామని మూడుసార్లు వచ్చా.
మీ ఆఫీసు రూముకి నాలుగు మెట్లు."

నా వైపు తిరిగి,
"మేస్త్రీ మామా, ఈ మెరుపు నాకొద్దు."

ఇన్నేళ్లలో నాతో ఎవరూ అట్టా అన్లా.
కోపమొచ్చింది, అబద్ధమెందుకు.
రాత్రి అన్నం కాడ కూడా పోలా.

దసరా సెలవుల్లో ఊడదీశాం. పొడుగు పెంచాం.
సుత్తి, ఉలి పట్టుకుని
నేను పెట్టిన మెరుగు నేనే చెడగొట్టా,
బెత్తెడుకో గాటు.
ఆ పిల్ల పక్కనే ఉండి
"ఇంకాస్త లోతు", "అక్కడ చాలు".
చూపులేని ఎజ్రా వచ్చి కర్రతో తట్టి చూసి
"మలుపు కాడ గాట్లు అటు తిప్పి కొట్టు,
నా కర్రకి తెలవాల" అన్నాడు.
అదీ నాకు తట్టలా.

చివరికి పేరున్న బండ మిగిలింది.
ఉలి ఆపి అడిగా,
"దీన్నేం చెయ్యమంటావు?"

"వానొస్తే అదీ జారుద్ది గదా మామా."

పేరు మధ్య నుంచే పోనిచ్చా.
తెల్లగా లేచి పరుచుకుంది రాతిపొడి.
ఊడ్చేదాకా ఆగలా ఆ పిల్ల.
పొడి మీద, పైదాకా,
రెండు గీతలు.