వీపు

తాక్ గ్యోంగ్‌బే వెనక పదకొండేళ్లు నిలబడ్డాను.
ముఖం ఎలా ఉంటుందంటే తడుముకుంటాను గానీ
వీపు అడగండి,
కళ్లు మూసుకుని గీసిస్తాను.

ఎడమ భుజం కాస్త కిందికి.
ఐదో నంబరు కింద చెమట మొదట
వెన్నెముక వెంట సన్నగా దిగి
నలభయ్యో నిమిషానికి నంబరంతా మునుగుతుంది.
మెడ మీద మూడు కుట్లు,
సైన్యం జట్టులో ఆడి
గుండు తలతో తిరిగొచ్చిన ఏడాది కనబడ్డాయి.
ఎక్కడివని అడిగాను.
"చలికాలం" అన్నాడు. అంతే.

అతని ఇంటిపేరు మా భాషలో చప్పుడు కూడా.
అరచెయ్యి బల్ల మీద పడితే: తాక్.
నుదురు బంతికి తగిలితే: తాక్.
తూర్పు సముద్రం గాలి గోల్‌పోస్టుల చేత ఈల వేయించే మార్చి నెలల్లో
వెయ్యిమందికి మించని స్టాండ్లలో
ఆ చప్పుడు ఆఖరి వరస దాకా వినబడేది.
ఎండుచేపలమ్మే ముసలాళ్లు
పేరు పిలుస్తున్నారో, చప్పుడుకి వంత పాడుతున్నారో
నాకెప్పుడూ తేలలేదు.

నా పని అరవడం.
"ఎడమ! ఎడమ! నీ వెనక మనిషి! వదిలెయ్, నాది!"
అతను ఒక్కసారీ బదులివ్వలేదు.
వీపు ఒరిగేది. అదే జవాబు.
గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది,
ఆపినవాణ్ణి కదా, నాదీ ఒకటి రెండుసార్లు వేశారు.
నా దాకా రాని బంతుల లెక్క మటుకు ఏ పద్దులోనూ లేదు.
నాకు తెలుసు:
వాన లేని రోజుల్లో మ్యాచయ్యాక తొడుగులు విప్పితే
ఉతికినవి ఉతికినట్టే ఉండేవి.

ఒక్కసారి జాతీయ జట్టు నుంచి పిలుపొచ్చింది.
పది రోజులు. బెంచీ.
ఎర్ర చొక్కా చెమట తగలకుండానే ఇంటికొచ్చింది.
వాళ్లక్క అద్దం కట్టిస్తానంటే వద్దని,
ఆమె దుకాణం షట్టరుకి రంగేసేటప్పుడు తొడుక్కున్నాడు.

పై డివిజన్‌కి ఒక్క మ్యాచ్ దూరం.
ఎనభయ్యెనిమిదో నిమిషం. సున్నా, సున్నా.
కుడివైపు నుంచి క్రాస్, తక్కువ ఎత్తులో, వంకరగా.
నేను "నాది" అన్నానా?
అన్నాననే చెప్పాను. కోచ్‌కి. పేపర్లకి. మా ఆవిడకి.
అతను ఎగిరాడు.
తాక్.
బంతి నా చంక పక్కనుంచి వలలోకి.
అప్పుడు తిరిగాడు.
పదకొండేళ్లలో మైదానం మీద
అతని ముఖం నా వైపు తిరిగింది ఆ ఒక్కసారే.
అందులో ఏముందో చెప్పలేను,
నేను నా బూట్ల లేసులు చూసుకుంటున్నాను.

మర్నాడు ప్రాక్టీసుకి అందరికంటే ముందొచ్చాడు.
నేను అనలేదని అతనికి తెలుసు.
ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మోకాలు. ఆపరేషను. మళ్లీ మోకాలు.
పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు, పళ్లకి ఇంకా క్లిప్పులు,
అతన్ని దాటి నా మీదికొచ్చిన రోజున
వీపు మొదటిసారి ఆలస్యంగా ఒరిగింది.
కుర్రాడు కొట్టింది నేను ఆపాను.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.
వీడ్కోలు రోజు పూలగుత్తి, ఫొటో,
హాఫ్‌టైమ్‌లో లాటరీ తీసి రైస్ కుక్కర్లు పంచారు.

ఇప్పుడతను ఇరవై నాలుగో నంబరు బస్సు నడుపుతాడు,
రేవు నుంచి ఆసుపత్రి మీదుగా కొండపై అపార్ట్‌మెంట్ల దాకా.
నిన్న ఫోన్లో తల దూర్చి, గుంపులో పడి ఎక్కేశాను.
తలెత్తితే డ్రైవరు సీటు పైన
ఎడమ భుజం, కాస్త కిందికి.
వెనక కూచున్నాను. అలవాటు.

చేపల మార్కెట్ మలుపులో
పక్క సందులోంచి డెలివరీ స్కూటరు.
నాకు తెలీకుండానే అరిచాను: "ఎడమ!"
వీపు ఒరిగింది.
బస్సు ఒరిగింది.
ముల్లంగి సంచీ ఒళ్లో పెట్టుకున్నావిడ నన్ను తిట్టింది.

అతను తిరగలేదు.
అద్దంలో చూశాడేమో,
నేనే చూడలేదు.
ఆసుపత్రి స్టాపులో తలుపు తీస్తూ,
కళ్లు రోడ్డు మీదే ఉంచి, అన్నాడు:
"ఈసారి వినబడింది."