ఇరవై డబ్ల్యూ నలభై

ఆటోనగర్‌లో పదకొండేళ్లుగా
ఆయిల్ కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను.
డబ్బాల మీది పేర్లే నా వాచకం.

ఇరవై డబ్ల్యూ నలభై.
డబ్ల్యూ అంటే చలికాలమట.
కంపెనీ కుర్రాడు టై వదులు చేసుకుంటూ చెప్పాడు.
మే నెల. ఫ్యాను వడగాలిని తిప్పి తిప్పి
మా నెత్తినే పోస్తోంది.
బెజవాడలో ఒక అక్షరం
పనీ పాటా లేకుండా
ఏడాది పొడుగునా నిలబడి ఉంది.

గల్ఫ్ అంటే యేసుపాదానికి అర్థం చెప్పక్కర్లేదు.
వాళ్ల పిన్ని కువైట్‌లో నాలుగు వంటగదులు మారింది.
అన్ని డబ్బాలూ విసిరే కుర్రాడు
దాన్ని మాత్రం రెండు చేతులతో దించుతాడు.

షెల్ అంటే ఆల్చిప్ప.
సూర్యలంకలో ఏరుకొచ్చిందొకటి పక్కన పెట్టి చూశాను,
గీతలు దాదాపు కలిశాయి.
లోపల ముత్యం ఉండదు, లీటరుంటుంది.

నన్ను మోసం చేసింది కాస్ట్రాలే.
ఇన్నాళ్లూ దొరసాని అనుకున్నాను.
పేరు విప్పి చూస్తే, ఆముదం!
నాయనమ్మ నరసరావుపేట సంతలో సీసాకెత్తించుకుని
ముక్కు మూసి నా గొంతులో పోసిందే,
దీపం మసి పట్టి కాటుక చేసిందే,
చెట్లు లేని చోట మహావృక్షమని
మనమంతా వెక్కిరించిందే.
ఒకప్పుడు రేసు కార్లు కూడా తాగాయట.
వాటి ముక్కులు ఎవరు మూశారో!

కాలేషా మేస్త్రికి చెబితే నవ్వలేదు.
ఆయనకు చదవడం రాదు.
లారీ కింద పెట్టిన రేకు పళ్లెంలో వేలు ముంచి
బొటనవేలితో రుద్ది చూసి
"జిగట చచ్చిపోయింది" అన్నాడు.
ఏ కంపెనీది మేస్త్రీ?
"నల్లగా దిగాక ఏం కంపెనీ అమ్మా"
అని డ్రమ్ములోకి వంచేశాడు.

పొద్దుగూకాక సెంట్రింగ్ వాళ్లొచ్చి
డ్రమ్ము దొర్లించుకుపోతారు, చెక్కలకు పూయడానికి.
రేపు ఎవరి శ్లాబు కిందో
పేర్లన్నీ కలిసి ఒక్క పూత.

ఆదివారం మా ప్రణూష తలకు పెడదామని
గోరువెచ్చగా గిన్నె తెచ్చాను.
వాసన తగలగానే మంచం కిందికి దూరింది.
బతిమాలాను, బెదిరించాను.
చివరికి
"రేసు కార్లు పోయించుకునేదే ఇది" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు.
తర్వాత మంచం కింద నుంచి,
పెదాలతో ఇంజను కొట్టుకుంటూ,
ఫస్టు గేరులో
మెల్లిగా
తల బయటికొచ్చింది.