తెల్లగుడ్డ మీద లెక్క

పరానా ఎర్రమట్టిలో, సోయా సాళ్ల మధ్య
జురేమా తెల్లగుడ్డ పరిచి మొక్కల్ని దులిపింది.
రాలినవి: ఎండుపూత, ఒక సాలీడు,
ఒకే ఒక్క పచ్చనల్లి.
"మీటరుకు రెండు దాటితే చూద్దాం. ఇవాళ వద్దు."

పక్కన సిల్వేరియో విమానం
మందు కక్కుకుంటూ పోతోంది.
ఆ వాసనకే నా చెయ్యి
స్ప్రేయరు తాళంచెవి తడుముకుంది.
నిరుడు భయానికి నాలుగుసార్లు కొట్టాను.
పురుగు పోయింది, దాన్ని తినేవీ పోయాయి,
బ్యాంకువాడు మాత్రం వచ్చాడు.

ఆకు తిప్పి చూపించింది:
నల్లి గుడ్ల వరుసలో కొన్ని నల్లబడ్డాయి.
"లోపల బుల్లి కందిరీగలు. జీతం అడగవు.
తుప్పుమచ్చ కనబడితే మాత్రం
అర్ధరాత్రయినా ఫోన్ చేస్తా."

రాత్రి వాన.
కొట్టని మందు ఖరీదు వేళ్లమీద లెక్కేశాను:
కూతురి పళ్ల క్లిప్పులకు సరిపోతుంది.
అయినా
ఫోను వంకే చూస్తున్నాను.