స్పష్టమే కదా

తిరువాన్మియూరు. వాన. కరెంటు లేదు.
పైవంతెన మీద ఆఖరి రైలు పోయాక
గదిలో ఇన్వర్టర్ రొద ఒక్కటే.
తెరమీద పదిహేడో లెమ్మా కింద
పసుప్పచ్చ గీత
ఇరవై మూడు రోజులుగా అట్లాగే ఉంది.

భుజంగరావుగారు ముప్ఫయ్యేళ్ళ కిందట
ఆకుపచ్చ సిరాతో రాశారు:
"ఇది స్పష్టమే."
ఆ రెండు మాటల మీదుగా
మేమంతా నడిచొచ్చాం,
పంటకాలవ మీద తాటిదుంగ దాటినట్టు,
కిందికి చూడకుండా.

దీనికి స్పష్టం అంటే తెలియదు.
పెద్దవాళ్ళన్నారంటే వినదు.
బతిమాలితే కరగదు, కసిరితే ఉడుక్కోదు.
ఎందువల్ల? అంటుంది.
చెబితే, అదెందువల్ల? అంటుంది.
మూడేళ్ళ పిల్లకైనా నిద్రొస్తుంది.

దారి తోచనిచోట "సారీ" అని రాయొచ్చు.
ఒప్పుకుంటుంది. ముందుకు పోనిస్తుంది.
మరిచిపోదు మాత్రం.
కొట్టువాడి చిట్టాలో బాకీలాగ
గీత గీసి పెట్టుకుంటుంది.
నేను ఇన్నాళ్ళూ చెప్పిన సారీలన్నిటి కిందా
ఎవరైనా ఇట్లా గీసుకుంటూ వచ్చి ఉంటే!

వీధి మలుపులో ఇస్త్రీబండి ఏళుమలై,
మన ఏడుకొండలే, అతనూ ఇంతే.
"పన్నెండున్నాయి" అంటాను మూట ఇస్తూ.
"సరిమ్మా" అంటాడు.
అని, ముడి విప్పుతాడు.
ఒణ్ణు, రెండు, మూణు...
నామీద అనుమానం కాదు,
లెక్క మీద మర్యాద.

తెల్లవారుజామున దొరికింది.
సమితిలో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసుకో, అన్నాం.
సమితి ఖాళీదైతే?
తాళమేసిన ఇంటి ముందు నిలబడి
"పెద్దాయన్ని పిలవండి" అని
ముప్ఫయ్యేళ్ళుగా కేకలేస్తున్నాం.
ఖాళీ ఇంటికి వేరే రెండు పంక్తులు చాలు.
రాశాను.
గీత పోయింది.
"సాధించవలసినవి ఏవీ లేవు" అంది తెర.
శభాష్ అనలేదు. అనడం దానికి రాదు.

ఆరింటికి ఫోన్ చేశాను.
భుజంగరావుగారు చాలాసేపు దగ్గారు.
"ఖాళీదా..." అన్నారు.
మళ్ళీ కాసేపటికి,
"ఆ రోజు నాకు స్పష్టంగానే ఉండిందమ్మా."

వాన వెలిసింది. మూట పట్టుకు దిగాను.
బొగ్గులు విసురుతూ లెక్కపెట్టాడు.
"పదకొండు."
"పన్నెండు! నాకు బాగా గుర్తుంది."
ఏళుమలై వాదించలేదు.
మళ్ళీ మొదట్నుంచీ, ఒక్కో మడతా విప్పి,
పదకొండు దగ్గర ఆగి,
నా భుజం మీది చున్నీ కేసి చూశాడు.